చాయ్ రంగు ప్లగ్గు కోసం ఆదిలాబాద్ దాకా

ఆదిలాబాద్ పోయొచ్చిన సంగతి తెలిసినంక మా గల్లీలో అందరూ మొదలు అడిగింది కుంటాల జలపాతం గురించే. చూడలేదు. దాని బోర్డు చూసినం, బాణం గుర్తుతో సహా. పులి కనబడ్డదా అని ఇంకొందరు అడిగిన్రు. అడవిలో మాకు ఎదురైన వాటిలో అన్నిటికంటె భయంకరమైంది హారన్ పనిచేయని, బ్రేకుల మీద కూడా పెద్దగ నమ్మకం లేని ఒక ట్రాక్టర్. ప్రయాణం మొత్తంలో మేము మళ్లమళ్ల వంగి, కండ్లు చికిలించి, ఎండకు పట్టి చూసింది ఒక్కటే: నా మోటార్ సైకిల్ స్పార్క్ ప్లగ్గు. ప్రకృతి అందాల కోసం చదవడం మొదలుపెట్టినోళ్లు బాధపడొద్దు. మధ్యమధ్యలో చెట్లు కూడా వస్తయి.

కరీంనగర్: బయల్దేరక ముందు

మేము అంటే సత్తి అనే నేను, మాజిద్. నాది డ్రిప్పు పైపుల దుకాణం. అంటే బాపుది, కూసునేది నేను. మాజిద్‌ది మెకానిక్ పని, దుకాణం లేదు. పంక్చర్ షాపు పక్కన నీలం రంగు టార్పాలిన్ కింద కూసొని బండ్లు బాగుచేస్తడు. వాన పడితే వాని సామాన్లు పంక్చర్ షాపు లోపలికి పోతయి, వాడు బయటనే ఉంటడు. లోపల ఇద్దరికి జాగ లేదు.

వాళ్ల ఖాదర్ మామూకు కరీంనగర్‌లో ఒక షట్టర్, అంటే ఒక్క గది దుకాణం, ఉన్నది. మామూ ఒకప్పుడు ఉట్నూర్ దిక్కు జీపులు నడిపిన మనిషి. ఇప్పుడు ఆదిలాబాద్‌లో ఇల్లు కట్టుకొని, ఊళ్లో అందరి బండ్లకూ వంకలు పెట్టుకుంట ఆరోగ్యంగ ఉన్నడు. షట్టర్‌లో ఉన్న టెంట్ హౌస్ ఆయన ఖాళీ చేసిండు. సెల్‌ఫోన్ కవర్లు అమ్మేటాయన ఒకాయన మామూ వెంటబడుతున్నడు. మాజిద్ కూడా అడిగిండు. అడుగుడే కాదు, అందులో రిపేర్లు కాదు, ట్యూనింగ్ చేస్త అన్నడు. ఆ మాటతోనే పని చెడింది. మామూకు ట్యూనింగ్ అంటె పాటలోళ్లు హార్మోనియంకు చేసుకునేది.

మామూ ఫోన్లో చెప్పిన మాట నాకు స్పీకర్‌లో వినబడ్డది. ఉర్దూలో చెప్పిండు, నేను మన భాషలో రాస్తున్న.

"నువ్వు చేసిన బండి మీద, అడవి తొవ్వల ఆదిలాబాద్ రా. ప్లగ్ ఇప్పి చూస్త. చాయ్ రంగుంటే షట్టర్ నీది. తెల్లగున్నా, నల్లగున్నా కవర్లాయనది."

ఇది మంత్రంలా ఉన్నది కాని లెక్క సీదా. ఇంజన్‌కు గాలి, పెట్రోలు రెండూ కావాలె. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లగైతది, ఇంజన్ కాలిపోతది. పెట్రోలు ఎక్కువైతే మసి పట్టి నల్లగైతది. రెండూ సరిపోతే పాలు పోసిన చాయ్ రంగు. ఇప్పటి బండ్లలో దీన్ని కంప్యూటర్ చూసుకుంటది. నాది అంతకుముందటి కాలం బండి. కార్బొరేటర్‌ది. అందులో జెట్ అని ఒక ఇత్తడి ముక్క ఉంటది, దాని నడుమ సూది బెజ్జమంత దారి. పెట్రోలు అందులకెల్లే పోవాలె. దాని పక్కనే ఒక సూది, లోపలికి బయటికి ఆడుకుంట, ఎంత పోవాలెనో చూస్తది.

మాజిద్ నా బండికి కొత్త సైలెన్సర్ పెట్టిండు, పాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి గరాటు లాంటి బయటి ఫిల్టర్ పెట్టిండు. నేను ఒప్పుకున్న, ఎందుకంటె నన్ను అడిగేటప్పటికే సైలెన్సర్ నేల మీద ఉన్నది. ఇప్పుడు బండి గాలి బాగ పీలుస్తది, పెట్రోలు మాత్రం పాత లెక్కనే వస్తది. మనిషికి ముక్కు పెద్దది చేసి, బువ్వ మాత్రం చిన్నప్పటి పళ్లెంలనే పెట్టినట్టు. వాడు జెట్ మార్చిండు, అయినా యాక్సిలేటర్ వదిలినప్పుడల్లా వెనక టప్పుటప్పుమని పేలుతున్నది.

"పోంగ పోంగ సెట్ జేస్త, ఫికర్ జెయ్యకు," అన్నడు మాజిద్.

నేను ఫికర్ చెయ్యలే. బండి నాది, షట్టర్ వానిది. ఫికర్ ఎవరికి ఎక్కువుండాలెనో తెలిసిందే.

కొండగట్టు

గంగాధర దగ్గర మా చప్పుడుకు ఒక పెద్దమనిషి సైకిల్ దిగి, మర్యాదగ పక్కకు జరిగి, మేము పోయేదాక నిలబడ్డడు. కరీంనగర్ నుంచి కొండగట్టు దాక మాకు దొరికిన గౌరవం అదొక్కటే.

మా దిక్కు కొత్త బండి కొన్నా, పాత బండికి ఇంజన్ పని చేయించినా అంజన్న దగ్గర పూజ చేయించకుండ దూరం తీయరు. మా అవ్వ పొద్దున్నే చెప్పి పంపింది: "ఇంజన్ల చెయ్యి వెట్టిన్రు, పూజ లేకుంట అడవిలకు పోతర్రా?" నేను దర్శనం లైన్‌లో నిలబడ్డ. మాజిద్ బండి కాడ ఉన్నడు. ఊకె ఉండలే. కార్బొరేటర్ మీద ఉన్న స్క్రూ ఒకటి పావు వంతు తిప్పిండు.

పూజ చేసే పంతులుగారు హెడ్‌లైటుకు, ట్యాంకుకు సిందూరం పెట్టిండు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిండు. తర్వాత కొత్త ఫిల్టర్ కాడ ఆగిండు.

"ఇదేంది, గిట్ల బయటికి పొడుచుకొచ్చింది?"

"గాలి పీల్చేది పంతులు," అన్న.

"అంటే ప్రాణమున్న జాగ," అని, ఎర్ర బట్ట తీసి దాని చుట్టూ రెండు వరుసలు చుట్టి, గట్టిగ ముడేసిండు. మాజిద్ చూసుకుంట నవ్విండు. వాళ్లింట్ల కూడా కొత్త బండికి దర్గా కాడ పచ్చ బట్ట కడతరు, అందుకని వానికి ఏం వింత అనిపించలే. ఈలోగా కోతి ఒకటి మేము కొట్టిన కొబ్బరికాయల సగం తీసుకొని పోయింది. మిగిలిన సగానికి ఇంకో కోతి వచ్చింది. ప్రసాదం గురించి ఇంతకంటె రాయడానికి లేదు.

దిగేటప్పుడు విచిత్రం జరిగింది. ఘాట్ మొత్తం యాక్సిలేటర్ వదిలే దిగినం. ఒక్క పేలుడు లేదు. బండి బుద్ధిమంతుడిలెక్క గుడుగుడుమని దిగింది.

"చూసినవా, పావు తిప్పుడు," అన్నడు మాజిద్.

"అంజన్న," అన్న నేను.

"అంజన్నకు కార్బొరేటర్ తెలుసా?"

"నీకు తెలుసా?"

జగిత్యాల దాక ఇద్దరం ఎవరి నమ్మకం వాళ్లు పట్టుకొని పోయినం.

ఖానాపూర్

గోదావరి వంతెన దాటినంక గాలి మారుతది అంటరు. మాకు మారినట్టు తెలియలే, ముందు పోతున్న లారీలో ఎండుగడ్డి ఉన్నది. ఖానాపూర్‌లో ఒక మెస్సు కాడ ఆగినం. అన్నం, పప్పు, పచ్చిపులుసు, కొసరి కొసరి వడ్డన. కరీంనగర్‌లో ఇదే రేటుకు ప్లేటు పెడతరు, కొసరుడు ఉండదు. పచ్చిపులుసు మాత్రం మా ఇంట్లోదే బాగుంటది. మా అవ్వ ఇది చదువుతది కాబట్టి కాదు.

తిన్నంక మాజిద్ అక్కడే ప్లగ్గు విప్పిండు. బట్టతోని పట్టుకొని పైకి లేపిండు. గోధుమ రంగు. మచ్చలేని, మెత్తని, చాయ్ రంగు. మెస్సు ఓనర్ చెయ్యి తుడుచుకుంట వచ్చి నిలబడ్డడు.

"ఏందది?"

"గీ రంగు చూడు కాకా, చాయ్ తీరు లేదా?" అన్నడు మాజిద్.

ఆయన వంగి చూసిండు. "మా చాయ్ గింత పల్సగుండది," అని కోపంగ లోపలికి పోయిండు.

మాజిద్ ఫోటో తీసి మామూకు పంపిండు. షట్టర్‌కు ఏం రంగు వేయించాలె, బోర్డు మీద పేరు ఏ భాషలో ముందుండాలె అని నన్ను అడుగుడు మొదలుపెట్టిండు. జవాబు వచ్చింది. మామూ వాయిస్ మెసేజ్: "ఫోటోల నేను గూడ తెల్లగనే ఉంట. బండి తీస్కరా."

ఖానాపూర్ నుంచి ఉట్నూర్ దాక అడవి. చెప్పిన కద, చెట్లు వస్తయని. టేకు చెట్లు, పెద్ద పెద్ద ఆకులు, కింద ఎర్ర మట్టి. రోడ్డు కొంత దూరం బాగుంటది, కొంత దూరం బాగుచేస్తున్నరు, కొంత దూరం ఎవరూ ఏం చేస్తలేరు. ఆ మూడో రకం కాడ దుమ్ము లేచి మా మొఖాలు, బండి, ఫిల్టర్ మీది ఎర్ర బట్ట అన్నీ ఒకే రంగుకొచ్చినయి. ఒక మలుపు కాడ ఒకామె సీతాఫలాలు గంపలో పెట్టుకొని కూసున్నది. మా మార్కెట్‌లో నాలుగు కాయలకు ఇచ్చే పైసలకు ఆమె గంపలో సగం సంచిలో పోసింది. బేరం చేద్దామనుకున్న, సిగ్గనిపించింది.

"యాడికి పోతున్రు?" అన్నది.

"ఆదిలాబాద్."

"గింత అడవిలకెల్లి ఎందుకు? అవుతల పెద్ద రోడ్డు లేదా?"

"వీళ్ల మామూ గిట్లనే రమ్మన్నడు."

"మామ మంచోడు కాదు," అని తేల్చి చెప్పింది. మాజిద్ ఆమె దగ్గర ఇంకో రెండు కాయలు ఎక్కువ కొన్నడు.

ఉట్నూర్

పొద్దు గూకకముందే ఉట్నూర్ చేరినం. రోడ్డంతా జీపులు, వాటి నిండ మనుషులు, మనుషుల మీద సంచులు. జీపు అంటే మా దిక్కు పెండ్లికొడుకు ఎక్కేది. ఇక్కడ అది బస్సు, అంబులెన్సు, సంత అన్నీ. మామూ ఇదే తొవ్వల నడిపిండట. ఆ మనిషికి మా బండి ఏ పాటిదో అప్పుడు కొంచెం అర్థమైంది.

లాడ్జి రూములో మంచం ఒకటి, ఫ్యాను ఒకటి, రెండూ చప్పుడు చేస్తయి. బండి మీద దుమ్ము తుడుస్తుంటే ఫిల్టర్ మీది ఎర్ర బట్ట చూసి నాకు మంచిగ అనిపించలే. పూజలో ఇచ్చిన బట్ట అట్ల మట్టి కొట్టుకొని ఉండొద్దు కద. విప్పి, సబ్బుతో ఉతికి, కిటికీకి ఆరేసిన. పొద్దున మడతపెట్టి బ్యాగులో భద్రంగ పెట్టిన. ఎర్రగ కొత్తదానిలెక్క అయింది. పుణ్యం వస్తదనుకున్న.

పొద్దున టిఫిన్‌కు ఇడ్లీ అడిగితే పోహ ఉన్నది అన్నరు. అటుకుల మీద పల్లీలు, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. పక్క బల్ల మీద జొన్న రొట్టె, పిఠ్లా తింటున్నరు. పిఠ్లా అంటే శనగపిండితో చిక్కగ వండే కూర, మరాఠోళ్ల ఇండ్ల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. నేను రెండూ తిన్న. మాజిద్ ఏం తినలే, ఇంకా బోర్డు రంగు దగ్గరే ఉన్నడు.

బండి స్టార్ట్ చేసి ఊరు దాటినం. యాక్సిలేటర్ వదిలిన. టప్.

మాజిద్ వెనక నుంచి నా భుజం పట్టుకున్నడు. మళ్ల వదిలిన. టప్పుటప్. ఇంద్రవెల్లి వచ్చేటప్పటికి దారిన పోయే కుక్కలు ముందే దూరం జరుగుతున్నయి. ఆపి చూస్తే ప్లగ్గు తెల్లగ, పండుగకు సున్నం ఏసిన గోడ తీరు. ఇంజన్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి.

మాజిద్ పెట్టెలోని పెద్ద జెట్ ఏసిండు. బండి దగ్గి, నల్లటి పొగ వదిలి, ఎడ్లబండికి దారిచ్చింది. ప్లగ్గు నల్లగైంది. చిన్న జెట్ ఏస్తే తెలుపు, పెద్దదేస్తే నలుపు. నడిమిది వాని దగ్గర లేదు. చిన్నదే మళ్ల బిగించి, గుడిహత్నూర్ కాడ పెద్ద రోడ్డు ఎక్కేముందు ఒక మెకానిక్‌ను అడిగితే, ఇచ్చోడలో సామాన్ల దుకాణాలు ఎక్కువ, ఆడ చూడున్రి అన్నడు. ఆదిలాబాద్ కుడికి. ఇచ్చోడ ఎడమకు. షట్టర్‌కు వీపు చూపించి ఎడమకు పోయినం.

ఇచ్చోడ

ఇచ్చోడలో సామాన్లు బాగనే ఉన్నయి, మా జెట్ ఒక్కటి తప్ప. పత్తి లారీల మధ్య తిరిగి తిరిగి చివరికి ఒక కుట్టుమిషన్ దుకాణం ముందు నీడలో బండి ఆపినం. దుకాణం శాంతాబాయిది. నల్ల కండ్లద్దాలు నెత్తి మీదికి తోసుకొని, పెండ్లి జాకెట్ మీద మగ్గం పని చేస్తున్నది.

"కాయ్ ఝాలా?" అన్నది. మాకు మరాఠీ రాదని మొఖాలు చూసి తెలుసుకొని, "ఏమైందిరా బండికి?" అన్నది.

మాజిద్ నిన్న బాగుండె, ఇయ్యాల ఎందుకు లేదు అని అదే మాట అనుకుంట స్క్రూ ముందుకు తిప్పుతున్నడు, వెనకకు తిప్పుతున్నడు. నేను నీళ్ల బాటిల్ కోసం బ్యాగు తెరిస్తే ఎర్ర బట్ట బయటికొచ్చింది. మాజిద్ దాన్ని చూసిండు. ఫిల్టర్‌ను చూసిండు. మళ్ల బట్టను చూసిండు.

"గిదెప్పుడు ఇప్పినవ్?"

"నిన్న సాయంత్రం. ఉతికిన."

వాడు నేల మీద కూసున్నడు. నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. బట్ట కట్టి ఉన్నంతసేపు ఫిల్టర్‌కు గాలి తక్కువ అందింది. గాలి తగ్గితే ఉన్న పెట్రోలే సరిపోయింది. పేలుడు ఆగింది, ప్లగ్గు చాయ్ రంగుకొచ్చింది. పావు తిప్పుడుతోని ఏం కాలే. అంజన్నతోని కూడా, ఆ లెక్కన చూస్తే, నేరుగ కాదు.

"అయితే మళ్ల కట్టు," అన్న. "కట్టుకొనే పోదం. పూజ చేసిన బండి అంటం. మీ మామూ గుడి బట్ట ఇప్పమంటడా?"

ఇది నేను తమాషాకు అనలే. ఇచ్చోడ నుంచి ఆదిలాబాద్ ఎంత దూరం? రెండు వరుసలు చుడితే ప్లగ్గు అదే రంగుకొస్తది. మామూ చూస్తడు, షట్టర్ ఇస్తడు. మేమే ఇంటికొచ్చినంక నడిమి జెట్ తెప్పించి ఏసుకుంటం. ఎవరికి నష్టం?

మాజిద్ బట్ట చేతిలోకి తీసుకొని, మడత చెడకుండ మళ్ల నా చేతిలో పెట్టిండు.

"మామూకు బండి చూపెడ్తనా, బట్ట చూపెడ్తనా?"

"చాయ్ రంగు చూపెడ్తవ్."

"రేపు గిరాకొచ్చి బండి పేల్తుంది అంటే ఏం జెయ్యాలె సత్తి? కొండగట్టుకు తోలాల్నా?"

ఇంత మంచి మాట వాని నోట్లో నుంచి వస్తదని నేను అనుకోలే. బాధ ఏందంటె, మంచి మాటతోని జెట్ దొరకది. ఆ సంగతి కూడా చెప్పిన.

వాడు కార్బొరేటర్ విప్పి సూది బయటికి తీసిండు. దాని తలకాయ కింద సన్నటి రేకు ఒకటి పెడితే సూది కొంచెం పైకి లేస్తది, పెట్రోలు కొంచెం ఎక్కువ పోతది. కొంచెమంటె కాగితమంత. అంత సన్నటి, నడుమ బెజ్జమున్న ఇత్తడి రేకు ఎక్కడ దొరుకుతది? శాంతాబాయి ఇదంతా వినుకుంటనే ఉన్నది. లేచి, ఒక చిన్న డబ్బా తెచ్చి మా ముందు బోర్లించింది. పెండ్లి జాకెట్లకు కుట్టే ఇత్తడి చక్రాలు. శనగగింజంత, సన్నగ, నడుమ బెజ్జం.

"గివి సాల్తయా?"

మాజిద్ ఒకటి తీసి సూదికి ఎక్కించిండు. పట్టలే. ఆమె దబ్బణం అడిగి బెజ్జం పెద్దది చేసి మళ్ల ఎక్కించిండు. పట్టింది.

"పెండ్లి ఎవరికి, నీకా బండికా?" అన్నది ఆమె.

"బండికే అక్క. నాకు ముందుగాల దుకాణం గావాలె."

చక్రాలకు ఆమె పైసలు తీసుకోలే. కుట్టుమిషన్ మోటర్ గురగుర అంటున్నది చూడమన్నది. మాజిద్ దానికి నూనె ఏసి, బెల్టు సరిచేసిండు. ఈలోగా నాకు జొన్న రొట్టె, పచ్చిమిరపకాయల ఠేచా పెట్టింది. ఠేచా తిన్నంక నా చెవులు కూడా ప్లగ్గు తీరు వేడెక్కినయి. అది తెలుపా, నలుపా అని ఎవరూ చూడలే.

పెద్ద రోడ్డు మీద కొంత దూరం నడిపి, ఆపి, ప్లగ్గు విప్పినం. తెలుపు పోయింది. పేలుడు కూడా, ఎప్పుడో ఒకటి తప్ప, పోయింది. చాయ్ రంగు వచ్చిందా అంటే వచ్చింది. పూర్తిగ వచ్చిందా అంటే మాజిద్ ఎండకు పట్టి చూసి, నీడలో పట్టి చూసి, శాంతాబాయి కాడ అదనంగ తెచ్చుకున్న రెండో చక్రం జేబులో తడిమి చూసుకున్నడు. రెండోది కూడా ఎక్కిస్తే నల్లబడుతదని భయం. బిగించి, పద అన్నడు.

ఆదిలాబాద్

మేము హారన్ కొట్టకముందే మామూ గేటు తీసి నిలబడ్డడు. బండి చప్పుడు మూల మలుపు నుంచే విన్నడట. పొట్టి మనిషి, తెల్ల గడ్డం, బనియన్ మీద తువ్వాల. మాజిద్ బండి దిగంగనే పానా తీసిండు.

"ముందు తినున్రి," అన్నడు మామూ. "ప్లగ్గు పారిపోదు."

ముమానీ, అంటే మామూ భార్య, బగారన్నం, దాల్చా పెట్టింది. మాజిద్ మెతుకులు లెక్కపెట్టుకుంట కూసున్నడు. వాని ముక్కలు కూడా నేనే తిన్న. దోస్తులంటె కష్టంలో ఆదుకోవాలె.

తిన్నంక మామూ చెప్పులేసుకొని, తువ్వాల తలకు చుట్టుకొని, చాబీ ఇమ్మన్నడు. నా బండి ఎక్కి ఒక్కడే పోయిండు. మేము గేటు కాడ నిలబడి చప్పుడు వింటున్నం. బండి గల్లీ దాటింది, పెద్ద రోడ్డెక్కింది, గేర్లు మారినయి, గట్టిగ లాగిండు. కొంచెం సేపటికి తిరిగొస్తున్న చప్పుడు. దగ్గరికొచ్చింది. మలుపు కాడ ఒక్కసారి ఆగిపోయింది.

"ఇంజన్ పట్టేసింది," అన్నడు మాజిద్. వాని మొఖం ప్లగ్గుకంటె ముందు తెల్లబడ్డది.

పట్టెయ్యలే. మామూ ఇంజన్ బందు చేసి, గేరు తీసి, ఊరికెనే దొర్లుకుంట గేటు దాక వచ్చిండు. దగ్గరికొచ్చినంక మెల్లగ నడిపితే, ఆగి గుడుగుడుమనిపిస్తే ప్లగ్గు రంగు మారుతది. లాగినప్పుడున్న రంగు ఉన్నట్టుండాలంటె అట్ల చేస్తరట. జీపులోళ్ల పద్ధతి. మాకు ప్రాణం పోయిన సంగతి ఆయనకు అవసరం లేదు.

మామూ కండ్లద్దాలు పెట్టుకొని ప్లగ్గు విప్పిండు. వెలుతురుకు పట్టిండు. చానసేపు చూసిండు.

"చాయే," అన్నడు. "పాలెక్కువైనయి."

అంటే ఇంకా కొంచెం తెల్లగ ఉన్నట్టు. మాజిద్ అవును అన్నడు. సూది కింద ఒక చక్రం ఏసిన, రెండోదెయ్యడానికి భయపడ్డ అన్నడు. ఏం చక్రం అని మామూ అడిగితే, పెండ్లి జాకెట్‌ది అని చెప్పిండు. అక్కడితో ఆగితే బాగుండు. ఆగలే.

"ఖానాపూర్ల పంపిన ఫోటో నా పని గాదు మామూ. ఫిల్టర్ మీద బట్ట ఉండె. నాకు తెల్వక నా పనే అనుకున్న."

మామూ ప్లగ్గు మళ్ల బిగించి, చేతులు తువ్వాలకు తుడుచుకున్నడు. నేను మనసులో కవర్లాయనకు షట్టర్ ఇచ్చేసిన, బోర్డు కూడా పెట్టిన.

మామూ ఇంటి పక్క రేకుల కిందికి పోయి, ఒక మూల ఉన్న దుప్పటి లాగిండు. కింద పాత స్కూటర్. ముమానీ తలుపు కాడికొచ్చి ఆశ్చర్యంగ చూసింది. "అది ఎవ్వర్ని ముట్టనియ్యడు," అన్నది నాతో మెల్లగ. మామూ కిక్కు కొట్టిండు, కొట్టిండు, ఆఖరికి స్టార్ట్ అయింది. పొగకు పక్కింటి గోడ కనబడలే.

"దీని ప్లగ్ ఇప్పు," అన్నడు.

మాజిద్ విప్పిండు. బొగ్గు.

"ఇది పాలు పొయ్యని డికాషన్," అన్న నేను. ఎవరూ నవ్వలే.

"ఎందుకైంది?" అన్నడు మామూ.

మాజిద్ వంగి ఫిల్టర్ మూత తీసిండు. లోపల ఎలుక పత్తితోని ఇల్లు కట్టుకున్నది. "గాలి పోతలేదు మామూ. జెట్ గూడ అరిగింది. కార్బొరేటర్ మొత్తం కడగాలె."

"ఎంతసేపు పడ్తది?"

"ఈడ నేల మీద కూసొని చేస్తే రేపు సాయంత్రం దాక."

"దుకాణంల అయితే?"

మాజిద్‌కు ఆ మాట ఎక్కలే. పానా పట్టుకొని లెక్కలేస్తున్నడు. "దుకాణంల అయితే అన్నీ చేతికందుతయి గద. ఒక్క పూట."

"అయితే దుకాణానికే తీస్కపో," అన్నడు మామూ. లోపలికి తిరిగి, "చాబీ ఇయ్యి," అన్నడు ముమానీతో.

ముమానీ ఫ్రిజ్ మీద నుంచి చాబీల గుత్తి తెచ్చి మాజిద్ చేతిలో పెట్టింది. ఒకటి స్కూటర్‌ది, చిన్నది. ఇంకొకటి పొడుగ్గ, తుప్పు పట్టి ఉన్నది. మాజిద్ రెండో చాబీని చూసుకుంట నిలబడ్డడు. అది దేనిది అని అడగబోయిండు. నేను కాలు తొక్కిన. కొన్ని ప్రశ్నలు అడిగితే జవాబు మారుతది.

"కిరాయి మాత్రం నెలనెలా ఇయ్యాలె," అన్నడు మామూ. "ఆ కవర్లాయన ఇస్త అన్నంత."

నిర్మల్ ఘాట్

తెల్లారి పెద్ద రోడ్డు మీదనే తిరిగొచ్చినం. ఎలుకకు వేరే జాగ చూపించి, వాడు స్కూటర్ మీద, నేను నా బండి మీద వాని వెనక. ఎలుక పోయినా అరిగిన జెట్ అట్లనే ఉన్నది, పొగ కొంచెం తగ్గిందంతే. నా బండి మీదున్నోనికి ముందుకు పోవాలనే ఉంటది, కాని పోలే. వాడు ప్రతి ఊరి కాడ గుత్తి ఉన్నదా లేదా అని జేబు తడుముకుంటుంటే చూడడం బాగున్నది.

ఘాట్ దిగేటప్పుడు మాజిద్ పెట్రోలు మిగులుతదని ఇంజన్ బందు చేసిండు, నేను కూడా చేసిన. ఇద్దరం చప్పుడు లేకుండ, పక్కపక్కన, చల్లటి గాలిలో దొర్లుకుంట దిగినం. అడవి అందంగ ఉన్నది. ఈసారి నిజంగనే చూసిన.

ఘాట్ కింద స్కూటర్ మళ్ల స్టార్ట్ కాలే. మాజిద్ దాన్ని రోడ్డు పక్కకు తోసి, స్టాండ్ ఏసి, సామాన్ల మూట విప్పి, కింద కూసున్నడు. దుకాణం ఇంకా దూరం ఉన్నది. గిరాకి మాత్రం మొదలైంది.